పదహారో నియమం

ప్రెస్సు వెనకగది,
ఆగస్టు 20, ఆదివారం

అక్కా,

సంఘం పెట్టేశాం. పదమూడుమందిమి. నవంబరు మొదటి ఆదివారం నీ కొండ ఎక్కుతున్నాం.

"ఇదెన్నాళ్లులే" అని నవ్వకు. చదరంగం సంఘం మూతపడింది నా వల్ల కాదు, ఆ గది ఓనరు వల్ల. ఈసారి పునాది గట్టిది. ఆరేళ్లుగా ఈ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ఆరోగ్యం మీదా, అడవుల మీదా, హక్కుల మీదా, ఆఖరికి పళ్లపొడి మీదా వచ్చిన ప్రతి కరపత్రమూ అక్షరం వదలకుండా చదివినవాణ్ణి. చదివి చదివి నాకు తేలిందేమిటంటే, తన కాళ్లతో కొండెక్కలేని సమాజం తన కాళ్ల మీద నిలబడలేదు. ఈ వాక్యం నాదే. చిన్న పుస్తకం ఒకటి రాస్తున్నా, అందులో మొదటి పేజీలో పెద్దక్షరాల్లో వేస్తున్నా. పేరు "క్షేమంగా కొండెక్కడం: పదిహేను నియమాలు." కొత్త బూట్లతో కొండెక్కకు, నెల ముందు నుంచి వాటితో వీధులు తిరుగు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఈల, టార్చి, కట్టుగుడ్డ. మధ్యాహ్నం పన్నెండుకి శిఖరం చెయ్యెత్తు దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరుగు. తెచ్చిన చెత్త తెచ్చినవాడే దించాలి. ఇలా.

నాయకుణ్ణి ఇంకా ఎన్నుకోలేదు, కానీ అది ఎవరో నీకు తెలుసు కదా.

అన్ని రకాలవాళ్లూ చేరారు. మా బైండరు ఉన్నాడు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే టైలరమ్మ ఉంది. పాపం, కుర్చీలోంచి లేస్తేనే తలుపు కిర్రుమన్నట్టుంటుంది. నవ్వొచ్చేదేమిటంటే మా వీధి పోస్ట్‌మాన్ కూడా చేరాడు. నీ ఉత్తరాలు తెచ్చిచ్చేవాడే. వాడికి నేను నత్త అని పేరు పెట్టాను, ఊరంతా అదే పిలుస్తోంది. పదింటికి రావాల్సిన ఉత్తరం పన్నెండుకి తెస్తాడు, అడిగితే "వచ్చింది కదా బాబూ" అంటాడు.

గేటు మనిషివి కాబట్టి దారుల గురించి నువ్వు రాసి పంపు. అచ్చులో నీ పేరు వెయ్యను, అధికారులతో నీకు తంటా రాకూడదు.

నీ తమ్ముడు


కొండ గేటు,
ఆగస్టు 27

ఒరేయ్ టపాకాయ్,

నా పేరు వెయ్యకపోతే బతికిపోయాను.

దారులు రెండు. వాగు దారి దగ్గర. గంటన్నర నడిస్తే వాగు మీద చెక్క వంతెన, అది దాటితే చెట్ల నీడే నీడ. గట్టు దారి చుట్టు, ఎండ, కానీ కాలు జారే చోటు లేదు. ఏది మంచిదని అడక్కు. ఆరోజు ఏది మంచిదో ఆరోజే చెప్పాలి. కొండ రాత్రికి రాత్రి మాట మార్చేస్తుంది.

అందుకని నీ పుస్తకంలో మొదటి నియమంగా ఒకటి వెయ్యి: ఏ కాగితం చదివినా, బయలుదేరే ముందు గేటు మనిషిని అడుగు. పదేళ్లుగా ఈ కిటికీలోంచి చూస్తున్నా. చెప్పులతో వచ్చినవాళ్లు కూడా క్షేమంగా దిగారు, అడిగారు కాబట్టి. వెయ్యి రకాల సామాను మోసుకొచ్చినవాళ్లని నలుగురు పట్టుకుని దించాల్సొచ్చింది.

గేటు ఆరింటికి తెరుస్తాను. అంతకన్నా ముందే ఎక్కేవాళ్లు ఎంతమందో, ఏ దారో, ఎన్నింటికి దిగుతారో చీటీ రాసి రేకు డబ్బాలో వేసిపోతారు. ఆ టైముకి దిగకపోతే మనుషుల్ని పంపిస్తాం.

ఆ పోస్ట్‌మాన్ నీకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. వాడూ వీడూ అనకు.

అక్క


ప్రెస్సు,
సెప్టెంబరు 18

అక్కా,

ప్రజాస్వామ్యం మీద నాకున్న నమ్మకం నిన్న సాయంత్రం ఆరుంబావుకి చచ్చిపోయింది.

నాయకుడిగా నత్తని ఎన్నుకున్నారు! పదమూడు ఓట్లలో నాకొచ్చినవి రెండు. ఒకటి నాదే. రెండోది నాదేనని బైండరు ఒట్టేస్తున్నాడు, కాదు నాదని టైలరమ్మ ఒట్టేస్తోంది. ఇద్దరిలో ఒకళ్లు నా మొహం మీదే అబద్ధమాడుతున్నారు.

ఏం చూసి వేశారు? సంఘం పుట్టించింది నేను. పుస్తకం రాసింది నేను. అక్షరాలు పేర్చింది నేను, అచ్చు వేసింది నేను, కుట్టడానికి బైండరు వెంటపడింది నేను. వాడు ఆ పుస్తకం పట్టుకుని ఒక్కో లైను కింద వేలు పెట్టి చదువుతుంటే చూడలేక బయటికొచ్చాను. ఇంకా ఆరో పేజీలోనే ఉన్నాడు.

అంతకుముందు ఆదివారం నడక సాధనకి ఊరి బయట గుట్టకి వెళ్లాం, దాన్ని మనసులో పెట్టుకుని ఓట్లేశారు. అందరికన్నా అరగంట ముందు నేను పైకెక్కాను. అది నాయకత్వం కాదా? వెనక టైలరమ్మ కూర్చుండిపోయిందట, నత్త కూడా కూర్చున్నాడట, ఆమె సంచీ వాడు మోశాడట. "నువ్వు పైనుంచి చెయ్యూపావు బాబూ, ఈయన కింద చెయ్యిచ్చాడు" అంది ఆవిడ నాతో. మాటలకేం, సూదిలో దారంలా ఎక్కించేస్తుంది.

వాడు రోజూ సంచీ మోసేవాడు. నడక వాడికి ఉద్యోగం, నాకు ఆశయం. ఈ తేడా ఎవడికీ పట్టదు.

నీ నియమం వేశాను. మొదటిగా కాదు. పుస్తకం మొదట్లోనే "పుస్తకాన్ని నమ్మకు" అని వేస్తే ఎవరైనా రెండో పేజీ తిప్పుతారా? పదహారోదిగా ఆఖరి పేజీలో అడుగున వేశాను. చోటు చాలక అక్షరం కాస్త చిన్నదైంది. నా నియమాల్లో "గేటు తెరిచేదాకా కాచుకోకు, ఐదింటికే చీటీ వేసి ఎక్కు, ఎండ తప్పుతుంది" అని ఒకటి ఉంది, అది మాత్రం బాగా కుదిరింది.

తమ్ముడు


గేటు,
అక్టోబరు 6

టపాకాయ్,

మీ నాయకుడు పోయిన ఆదివారం ఒక్కడే వచ్చాడు. పదకొండు మందిని తీసుకురాబోయే ముందు తన కాళ్లతో చూసుకోవాలన్నాడు. పదకొండా, నువ్వు రావట్లేదా? అడిగితే "వస్తాడనే అనుకుంటున్నానమ్మా" అన్నాడు.

రెండు దారులూ నడిచాడు. వంతెన మీద గెంతి చూశాడు, పలకలు లెక్కపెట్టాడు. ఎక్కడ ఎంతసేపు పట్టిందో ఉత్తరం కవరు వెనక రాసుకున్నాడు. దిగేటప్పుడు ఎవరో పారేసిన సీసాలు, కవర్లు గోనెసంచీడు తెచ్చాడు. ఎవరు చెప్పారయ్యా అంటే నీ పుస్తకం తీసి చూపించాడు. నువ్వు తెచ్చింది నువ్వు దించమంది కానీ ఊరందరిదీ దించమనలేదు కదా అన్నాను. "నాది దించుతూ పక్కది వదిలెయ్యడం బరువుగా ఉందమ్మా" అన్నాడు. మంచినీళ్లు అడిగాడు, టీ ఇచ్చాను. నీలం కప్పు ఒక్కటే కడిగి ఉంది.

ఇప్పుడు అసలు మాట. అతను వెళ్లిన రాత్రి నుంచి రెండు రోజులు ఆగకుండా వాన. వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది. కింద నుంచి చూస్తే దారి శుభ్రంగా ఉంటుంది, అదే ప్రమాదం. గంటన్నర నడిచాక, ఇంత దూరం వచ్చాం కదా అని పక్కనున్న రాతి పలక మీదుగా దాటబోతారు. అది పాచిపట్టిన పలక, కింద రెండు నిలువుల లోతు. మొన్న ఒకతను జారి తుంటి విరిగింది. అడ్డంగా తాడు కట్టాను, ఎవరో కోసుకుపోయారు. బోర్డు పెట్టమని రాశాను, అది ఎప్పటికొస్తుందో.

మీవాళ్లకి వెంటనే చెప్పు. ఆ వంతెన గట్టిదని అతను కళ్లారా చూసి వెళ్లాడు, అదే నా భయం. ఒక సవరణ చీటీ అచ్చేసి ప్రతి పుస్తకంలో అంటించు. అంటించి నాకు రాయి.

అక్క


ప్రెస్సు,
అక్టోబరు 12

అక్కా,

నీలం కప్పా?

అది నాది. పెదవి దగ్గర పెచ్చు ఊడింది నా పన్ను తగిలి. ఎనిమిదేళ్లప్పుడు జ్వరంలో ఆ కప్పుతో తప్ప నీళ్లు తాగనని నేను ఏడిస్తే నువ్వు రెండు మైళ్లు వెనక్కి నడిచి తెచ్చావు. ఇంకో కప్పు కడగడానికి నీ గేటు దగ్గర నీళ్లు కరువా? ఎవడో సీసాలేరుకొస్తే కరిగిపోతావా? నేను నియమం రాశాను, వాడు ఏరాడు. విత్తనం వేసినవాణ్ణి వదిలేసి పండు కోసినవాడికి దండ వేస్తున్నారు అందరూ, ఇప్పుడు నువ్వు కూడా.

నీ ఉత్తరం కూడా వాడే తెచ్చిచ్చాడు. "అక్కగారు కులాసానా?" అని అడిగాడు. వాడికెందుకు!

సవరణ చీటీలు అచ్చువేశాను. అన్ని పుస్తకాల్లో అంటించాను.

నేను రావట్లేదు. ప్రెస్సులో పని.

తమ్ముడు


ప్రెస్సు,
నవంబరు 2, గురువారం

అక్కా,

పోయిన ఉత్తరంలో ఒక వాక్యం అబద్ధం.

చీటీలు అచ్చువేసిన మాట నిజం. పసుపు కాగితం మీద, "వంతెన లేదు, గట్టు దారే" అని లావు అక్షరాల్లో. అవి కట్టతో సహా నా సొరుగులో ఉన్నాయి. ఒక్కటి కూడా అంటించలేదు. ఒక్కరికీ చెప్పలేదు.

ఎందుకో రాస్తాను, నువ్వు తిట్టేలోపల. నత్త వాగు దారి ఖాయం చేశాడు, టైలరమ్మ మోకాళ్లకి నీడ దారే మేలని. ఆ మీటింగులో నేను వెనక కూర్చున్నాను. "వంతెన నేను చూశాను, బాగుంది" అన్నాడు. అందరూ తలలూపారు. నా గొంతుదాకా వచ్చింది. అప్పుడే బైండరు నా చెవిలో "చూశావా, వెళ్లి చూసొచ్చాడు, నీలాగా కూర్చుని రాయలేదు" అన్నాడు. వచ్చిన మాట మింగేశాను. వెళ్లనీ, గంటన్నర నడిచి వంతెన లేదని చూసి, తలలు దించుకుని తిరిగి రానీ, అప్పుడు తెలుస్తుంది ఎవరి మాట వినాలో అనుకున్నాను. మూడు గంటలు వృథా, అంతే కదా అనుకున్నాను. నువ్వు రాసిన రాతి పలకని నా మనసులోంచి నేనే చెరిపేశాను. ప్రూఫులు దిద్దేవాణ్ణి కదా, అక్కర్లేనిది కొట్టెయ్యడం చేతికి అలవాటే.

ఇవాళ టైలరమ్మ ప్రెస్సుకొచ్చింది. పదమూడు ఎర్ర గుడ్డలు కుట్టింది, దూరానికి కనిపించేట్టు సంచీలకి కట్టుకోవడానికి. నా పుస్తకంలో ఏడో నియమం. "నువ్వు రాకపోయినా నీకూ ఒకటి కుట్టాను" అని బల్ల మీద పెట్టిపోయింది. ఆ గుడ్డ కింద సొరుగు, సొరుగులో చీటీలు.

వాడి మొహం చూసి చెప్పలేను. చచ్చినా చెప్పలేను. వాళ్లు శనివారం సాయంత్రం బస్సుకొస్తారు, నువ్వు గేటు మూసి క్వార్టర్సుకి పోయాక చేరతారు, విడిది షెడ్డులో పడుకుంటారు. నా నియమం ప్రకారం ఐదింటికే ఎక్కేస్తారు. నువ్వు శనివారం గేటు దగ్గరే ఉండి చెప్పు. నేను చెప్పినట్టు చెప్పకు.

తమ్ముడు


బస్టాండు,
ఆదివారం, తెల్లవారి నాలుగున్నర

అక్కా, ఈ చీటీ కండక్టరుకిచ్చి పంపుతున్నాను. గురువారం ఉత్తరం నీకు చేరలేదు, చేరదు. మా వీధి డబ్బా తాళం తీసేది నత్తే. వాడు శుక్రవారం నుంచి కొండ కోసం సెలవు. సెలవు పెట్టిన సంగతి నాకు తెలుసు, డబ్బా తీసేది వాడేనని తెలుసు, రెండూ ఒక్క మనిషేనని మాత్రం తట్టలేదు. నిన్న సాయంత్రం ఆఖరి బస్సు పోయాక డబ్బా కన్నంలోంచి చూస్తే నా కవరు అలాగే పైన ఉంది. వంతెన సంగతి వాళ్లకి తెలియదు. నేనే దాచాను. ఈ బస్సు నీ దగ్గరికి ఎనిమిదికి వస్తుంది. ఐదుకే ఎక్కుంటే ఆరున్నరకే పలక దగ్గర ఉంటారు. మనిషిని పరిగెత్తించు. తాడు పంపు. ముందు టైలరమ్మని చూడు.


(అదే చీటీ వెనక, మధ్యాహ్నం బస్సు కండక్టరు చేతికి)

గట్టు దారిన వెళ్లారు. పన్నెండుమందీ. ఊపిరి తీసుకో.

కండక్టరు చెప్పాడు, ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి దించేశావట. దాని గురించి తర్వాత రాస్తాను.


గేటు,
నవంబరు 9

తమ్ముడూ,

టపాకాయ్ అని రాయబుద్ధి కావట్లేదు. టపాకాయ కనీసం అందరికీ వినపడేలా పేలుతుంది.

జరిగింది రాస్తాను, విను. ఆదివారం ఆరింటికి తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి మీవాళ్లు గేటు బయట వరసగా కూర్చుని ఉన్నారు, సంచీలకి ఎర్ర గుడ్డలు కట్టుకుని, చలికి చేతులు చంకల్లో పెట్టుకుని. ఐదింటి నుంచీ అలాగే కూర్చున్నారట. మీ బైండరు అలిగి అటు తిరిగి ఉన్నాడు. "పుస్తకంలో ఐదింటికే ఎక్కమని ఉందమ్మా, ఈయన కదలనివ్వడు. నత్త అని ఊరికే అన్నారా!" అని నాకు ఫిర్యాదు.

అప్పుడు మీ నాయకుడు పుస్తకం ఆఖరి పేజీ తెరిచి, ఆ చిన్న అక్షరాల కింద వేలు పెట్టి, గట్టిగా చదివాడు. ఏ కాగితం చదివినా, బయలుదేరే ముందు గేటు మనిషిని అడుగు. చదివి నాతో అన్నాడు: "వంతెన నేను చూసిందే అమ్మా. కానీ నేను చూసింది నెల కిందట. రాసినబ్బాయి ఊరికే రాయడు కదా. చెప్పండి, ఇవాళ ఏ దారి?"

చెప్పాను. ఆయన మొహం తెల్లబోయింది. "తమ్ముడు చెప్పలేదా? చీటీలు అంటించానని రాశాడే" అన్నాను. బుద్ధిలేక అనేశాను. ఆయన పుస్తకం మూసి "జిగురు ఆరిపోయి రాలిపోయుంటాయి లెండి" అని అందరినీ లేపి గట్టు దారి పట్టించాడు. నాలుగున్నరకి దిగుతామని చీటీలో రాశాడు, నాలుగుంబావుకి దిగారు. టైలరమ్మ నడిచే దిగింది.

నిన్నెవరు కాపాడారో తెలుసా? నువ్వు చోటు చాలదని అడుగున పడేసిన లైనూ, దాన్ని అక్కడిదాకా ఓపిగ్గా చదివిన ఒక్క మనిషీ.

గురువారం నాటి నీ ఉత్తరం నిన్న అందింది. వెనక ఆయన చేత్తోనే సోమవారం ముద్ర ఉంది. నా వీపు వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. రెండుసార్లు చదివాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు, నువ్వు కాలు కడిగే నీళ్లు కూడా నా చేత మోయించబోయావు. వీధి దాటి చెప్పాల్సిన మాట కొండ దాటించి రాశావు. నేను చెప్పి, నీ పేరు దాచి, నువ్వు మళ్లీ వెనక బెంచీలో కూర్చుని కుళ్లుకోవాలి, అంతేగా?

ఇది నాకు రాయాల్సిన ఉత్తరం కాదు. ఇందులోనే పెట్టి తిరిగి పంపుతున్నాను. తెచ్చిచ్చినవాడికే ఇవ్వు.

ఇచ్చేదాకా నాకు రాయకు.

అక్క


ప్రెస్సు,
నవంబరు 21

అక్కా,

ఇచ్చాను.

నీ కవరు ఆయన తెచ్చినప్పుడు పదకొండైంది. ఆయన ఎదురుగానే చింపి, నీ ఉత్తరం చదివి, నాది ఆయన చేతిలో పెట్టాను. "ఇది అక్కగారికి రాసింది కదా" అన్నాడు. "కాదు, అడ్రసు తప్పు" అన్నాను. గుమ్మంలోనే నిలబడి చదివాడు. ఒక్కో లైను కింద వేలు పెట్టి. అక్కా, ఆయన చదవడం ఎంత నిదానమో నీకు తెలియదు. నేను ఆరేళ్లలో దిద్దిన ప్రూఫులన్నీ కలిపినా అంత సేపు పట్టలేదు. వేలు ఎప్పుడు ఏ వాక్యం మీదుందో నాకు తెలుస్తూనే ఉంది. "నత్త" అన్నచోట ఆగింది, మళ్లీ కదిలింది.

తిడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. మడిచి నా చేతికే ఇచ్చి "పన్నెండుమంది ప్రాణాలు బాబూ. నేనొక్కణ్ణే క్షమిస్తే చాలదు. ఆదివారం మీటింగులో నువ్వే చదువు" అని సంచీ భుజానికెత్తుకుని పోయాడు. మెట్ల దగ్గర ఒక్కసారి ఆగి రెయిలింగు పట్టుకున్నాడు.

చదివాను. మధ్యలో బైండరు లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ మాట్లాడట్లేదు, పక్కపక్కనే పనిచేస్తూ కాగితాలు నేలమీద పెట్టి తోస్తున్నాడు. ఇద్దరు సంఘం మానేశారు. నేనూ మానేస్తానన్నాను. టైలరమ్మ "కూర్చో, నా మోకాళ్ల గురించి ఊరంతా ఏం వాగావో అది కూడా చదువు" అంది. అది కాగితం మీద లేదన్నాను. "నోటితో చెప్పు మరి" అంది. చెప్పాను. తలుపు కిర్రుమన్నట్టు అన్నది కూడా. ఎవరో కిసుక్కుమన్నారు, ఆవిడే అనుకుంటా.

పసుపు చీటీలు ఆ రోజే అందరి ముందూ అంటించాను. పుస్తకం మళ్లీ అచ్చువేస్తున్నా. పదహారోది మొదటికొచ్చింది. ఐదింటికి ఎక్కమన్నది తీసేశాను. నా పెద్దక్షరాల వాక్యం కూడా తీసేశాను, దానికి చోటు కావాల్సొచ్చింది.

వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ వస్తున్నాం. పదకొండుమందిమి. ఈసారి అందరికన్నా వెనక నడిచే మనిషిగా నన్ను పెట్టారు. ఎవరు కూర్చుంటే వాళ్లతో కూర్చోవాలి, ఎవరినీ దాటకూడదు. పెట్టింది మన పోస్ట్‌మాన్ అన్నే. ఓటు కూడా వెయ్యలేదు ఎవరూ. ఇది శిక్షా, పనా అని అడిగాను. "నడిచి చూడు" అన్నాడు. గుట్ట మీద సాధన చేశాను. వెనక నుంచి చూస్తే అందరి మడమలూ కనిపిస్తాయి, ఎవరి బూటు కరుస్తోందో చెప్పకుండానే తెలుస్తుంది. ముందు నడిచిన రోజుల్లో నాకు శిఖరం తప్ప ఏమీ కనపడలేదు.

బాగుపడ్డానని రాసి నిన్ను సంతోషపెట్టాలని ఉంది, కానీ మళ్లీ అబద్ధం రాయను. కుళ్లు పోలేదు. టైలరమ్మ సంచీ ఆయన అందుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇప్పుడు మంట తెలుస్తోంది, అంతే తేడా.

ఆరింటికి గేటు తెరిచేదాకా బయట కూర్చుంటాం. దిగాక టీ ఇస్తావేమో. నీలం కప్పు ఎవరికైనా ఇవ్వు, నాకేం పట్టింపు లేదని రాయబోయి కొట్టేశాను. పట్టింపే. అయినా ఆయనకే ఇవ్వు. నేను చూస్తూ ఉంటాను.

నీ తమ్ముడు